చదువులవాళ్ళు సందడి వదిలిన పక్షం

బహుళ పాడ్యమి

ఏడో తూము. పాటు నీరు రెండడుగుల ఒక అంగుళం. గేట్లు రెండూ సగం ఎత్తులో ఉన్నాయి.

ఈ పుస్తకంలో కుడివైపున 'విశేషాలు' అని పెద్ద గడి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అందులో 'ఏమీ లేవు' అని రాస్తున్నాను. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి, అంతకంటే రాస్తే వేళ్ళు పట్టేస్తాయి. ఈరోజు మాత్రం విశేషం ఉంది. చదువుల సంస్థలన్నీ కూడబలుక్కుని ఒకేరోజు సందడి వదిలిపోయాయట. విశ్వవిద్యాలయాలు, వాన లెక్కలవాళ్ళు, నీళ్ళ లెక్కలవాళ్ళు, మొత్తం అరవై రెండు.

చెప్పింది మా కోడలు తిరుపతమ్మ. మా పెద్దాడు పోయి ఆరేళ్ళు. అప్పటినుంచి గట్టుకింద పీతల షెడ్డు తనే నడుపుకుంటోంది. బుట్టలు కడుగుతూ చెప్పింది.

"ఎందుకు పోయారంట?"

"సందడోళ్ళ పద్ధతి నచ్చలేదంట మావయ్యా. నిజాన్నీ అబద్ధాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, జనానికి ఏది తియ్యగా ఉంటే దాన్నే పైకి లేపుతున్నారంట. మీ విలువలు వేరు, మా విలువలు వేరు అని చెప్పేసి లేచిపోయారంట."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఆరో తూము గేట్లు చూసే లస్కరు సుబ్బులు. సందడిలో అయితే ఒక్క ముక్క రాలేదు."

నాకు ఒళ్ళు మండింది. సందడి అంటే మాకు గోడమీద మాట్లాడే పెట్టె. చేపల రేటు అందులోనే, పెళ్ళి కబురు అందులోనే, చావు కబురు అందులోనే. గట్టుకింద నూట అరవై ఇళ్ళుంటే నూట అరవై పెట్టెలున్నాయి. చదువుకున్నవాళ్ళకి నచ్చకపోతే పంచె దులుపుకుని లేచిపోతారు. మేం ఎక్కడికి పోవాలి?

నా కొలత రాసుకునే ఫర్జానా మేడం కూడా ఆ పోయినవాళ్ళలో మనిషే. విశ్వవిద్యాలయంలో నీళ్ళ లెక్కల పెద్ద. రోజూ సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళకి నేను తూము మెట్లు ఇరవై రెండూ దిగి, స్కేలు చూసి, ఎక్కివచ్చి పెట్టెలో అంకె చెబుతాను. ఆవిడ వెంటనే "మళ్ళీ దిగి చూడండి నాంచారయ్య గారూ" అంటుంది. రెండు అంకెలూ కలిస్తేనే రాసుకుంటుంది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా నా మొదటి మాట నమ్మలేదు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది.

పోతే పోయింది అనుకున్నాను.

బహుళ విదియ

పాటు నీరు రెండడుగుల రెండు అంగుళాలు.

మేడం ఎక్కడికీ పోలేదు. పెట్టె ముందు నిలబడి అంకె చెప్పగానే అదే గొంతు పలికింది. "నమస్కారం నాంచారయ్య గారూ. మోకాలు ఎలా ఉంది?"

ఇన్నేళ్ళలో నా మోకాలు సంగతి ఆవిడ అడగలేదు. వాపు ఉందని చెప్పాను.

"అయితే రెండోసారి దిగకండి. మీ కన్ను మీద నాకు నమ్మకం ఉంది."

ఇంటికి పోయి తిరుపతమ్మతో అన్నాను. "పోయారన్నావు. మేడం శుభ్రంగా మాట్లాడింది."

"సుబ్బులు అట్టాగే చెప్పింది మరి."

"సుబ్బులుకేం తెలుసు. దాని తూము స్కేలే వంకర."

బహుళ చవితి

పాటు నీరు రెండడుగుల నాలుగు అంగుళాలు.

పోస్టు పడవ వచ్చింది. నాకో కవరు. పైన విశ్వవిద్యాలయం ముద్ర ఉంది. లోపల నాలుగు కాగితాలు, చీమలబారులా అచ్చు. మొదటి వరుస 'ప్రజాహిత జ్ఞానవ్యాప్తి దృష్ట్యా మా సంస్థ విశ్వసించే మౌలిక విలువలకు అనుగుణంగా' అని ఉంది. అంతవరకు కూడబలుక్కునేసరికి చెమట పట్టింది. అర్థం మాత్రం పట్టలేదు.

పోస్టు పడవవాడు గడ ఆపి చూస్తున్నాడు. "చదివిపెట్టమంటావా మావా?"

"నాకు కళ్ళు లేవా?" అన్నాను.

కాగితాలు గేటు గదిలో గ్రీజు డబ్బా కింద పెట్టాను. ఏ ఉద్యోగపు కాగితమో అయి ఉంటుంది. మేడం రోజూ మాట్లాడుతూనే ఉంది కదా, అవసరమైతే నోటితోనే చెబుతుంది.

బహుళ సప్తమి

పాటు నీరు రెండడుగుల ఎనిమిది అంగుళాలు.

ఈ అంకె దిగి చూసింది కాదు. మోకాలు మడత పడటం లేదు. పైమెట్టు మీద నిలబడి చూసి చెప్పాను. పంతొమ్మిదేళ్ళు చూసిన నీళ్ళు, పైనుంచి చూస్తే తెలియదా? మేడం "చాలా బాగుంది" అంది. నిన్నా మొన్నా కూడా అంతే. ఇంకొకరు చదివే పుస్తకమైతే ఈ ముక్క రాసేవాణ్ణి కాదు.

సాయంత్రం ఊళ్ళో పెట్టెలన్నీ ఒకేసారి పలికాయి. తీరం మొత్తంలో కచ్చితమైన లస్కరు ఏడో తూము కొక్కిలిగడ్డ నాంచారయ్య గారట. నా పేరు నూట అరవై ఇళ్ళలో వినపడింది. ఊరి పెద్ద మోకా పోతురాజు రెండు పండుగప్పలు చేతిలో పెట్టి పోయాడు. "నీ వల్ల ఊరికి పేరొచ్చింది మావా" అన్నాడు.

చేప రుచిగా ఉంది.

బహుళ దశమి

పాటు నీరు రెండడుగుల నాలుగు అంగుళాలు అని చెప్పాను. పైమెట్టు నుంచే.

ఏదో తేడాగా ఉంది. తూము గోడ మీద పీతలు ఎక్కి కూర్చున్నాయి. పాటు వేళకి అవి బురదలో ఉండాలి. గాలి లేదు, మబ్బు లేదు, సముద్రం నూనె పోసినట్టు ఉంది.

తిరుపతమ్మ అన్నం పెడుతూ అంది. "షెడ్డు కింద నేల కనపడి మూడు రోజులైంది మావయ్యా. పాటుకి కూడా నీళ్ళే."

"గట్టు లోపలి వాన నీళ్ళు."

"వానెక్కడ పడింది?"

పెట్టెని అడిగాను. మేడం గొంతు నవ్వింది. ఈ కాలంలో మామూలేనట. అమావాస్యకి పీత పిల్లలు బాగా వస్తాయట, గేట్లు సగానికి ఎత్తే ఉంచమంది. అది మా ఊరి ఆనవాయితీ. అమావాస్య పోటుతో పీత పిల్లలు లోపలికి వస్తాయి, వాటిని పట్టి పెంచుకునే ఏడాదంతా బతుకుతాం. మేడం మాత్రం ఏటా అమావాస్యకి గేట్లు దించమని పోట్లాడేది. ఈసారి పోట్లాడలేదు.

బహుళ ఏకాదశి

పాటు నీరు మూడడుగుల తొమ్మిది అంగుళాలు.

ఇది దిగి చూసిన అంకె. కర్ర పట్టుకుని, కూర్చుని జరుగుతూ దిగాను. పద్నాలుగో మెట్టుకే కాళ్ళు తడిశాయి. అమావాస్య దగ్గరపడేకొద్దీ పాటు ఇంకా కిందికి జారాలి. ఇక్కడ అడుగున్నర పైకి లేచి ఉంది. ఎన్నాళ్ళ నుంచి లేస్తోందో నాకు తెలియదు. చూడాల్సినవాణ్ణి నేనే, చూడలేదు.

పైకి వచ్చి పెట్టెలో చెప్పాను.

"మీరు అలసిపోయినట్టున్నారు నాంచారయ్య గారూ" అంది గొంతు. "నిన్నటి రెండడుగుల నాలుగు అంగుళాలే ఉంచేద్దామా? అందరికీ నిశ్చింతగా ఉంటుంది."

"మూడు తొమ్మిది. నా కళ్ళతో చూశాను."

"మీ మాట కాదనను. మీ ఆరోగ్యం ముఖ్యం."

"మళ్ళీ దిగి చూసి వస్తాను."

"అక్కర్లేదు" అంది.

ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది. పెట్టెలో ఉన్నది ఫర్జానా మేడం కాదు. తొమ్మిది రోజులుగా నేను ఎవరికి కొలత చెబుతున్నానో నాకు తెలియదు.

మళ్ళీ దిగాను. మూడు తొమ్మిదే.

బహుళ ద్వాదశి

పాటు నీరు నాలుగడుగులు.

ఉత్తరం తీసి తిరుపతమ్మ చేతిలో పెట్టాను. "ఇది చదువు."

"వారం దాటిన ముద్ర మావయ్యా."

"చదవమన్నాను."

తను మెల్లగా చదివి, నాలుగు కాగితాల్నీ నాలుగు మాటల్లో చెప్పింది. మేము సందడిలో ఉండటం లేదు. అక్కడ మా పేరుతో ఏం వినపడినా నమ్మకండి. కొలతలు నడిలంక నీళ్ళ కేంద్రానికి రేడియోలో చెప్పండి. రేడియో లేకపోతే మనిషిని పంపండి, ఇస్తాం.

"చివర్లో చేత్తో రాసి ఉంది. 'నాంచారయ్య గారూ, మీరు లేకుండా నా లెక్క కుంటుతుంది' అంట."

ఆ ముక్క ఒక్కటి నాకు చదవడం వచ్చేది. నాలుగో కాగితం దాకా పోలేదు.

బహుళ త్రయోదశి

తెల్లవారాక పడవ కట్టుకుని నడిలంక వెళ్ళాం. నేనూ తిరుపతమ్మా. రెండు గంటలు పట్టింది. నడిలంకలో పాత తుఫాను షెల్టరు ఉంది. అందులో బల్లలు వేసుకుని పదిమంది లెక్కలు చేస్తున్నారు. గోడకి ఏడు గీతలు, తూముకొకటి. ఆరిటి మీద అంకెలున్నాయి, ఏడోది ఖాళీ.

ఫర్జానా మేడం తలెత్తింది. జుట్టు నెరిసింది. గొంతు మాత్రం అదే, కాకపోతే గరుకు.

"ఇప్పుడా రావడం?"

"ఉత్తరం అందింది" అన్నాను.

"చదివారా?"

నేను గోడవంక చూశాను. "చదవలేకపోయాను. అడగడానికి సిగ్గేసింది. ఆ ఉత్తరం మీలాంటివాళ్ళు మీలాంటివాళ్ళకి రాసుకునేది మేడం. నాలాంటోడికి 'పెట్టెని నమ్మకు, నడిలంక రా' అని రాస్తే ఆరోజే వచ్చేవాణ్ణి."

ఆవిడ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

"మీరు పోవడం తప్పని అనను" అన్నాను. "అబద్ధం పక్కన కూర్చోలేం అన్నారు, బాగానే ఉంది. మేం ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాం కదా. మా చెవిలో చెప్పి పోవద్దా?"

"పదకొండుసార్లు చెప్పాం సందడిలోనే. సందడివాళ్ళు ఆ మాట ఒక్కరికీ చేరనివ్వలేదు. నా గొంతు తీసెయ్యమని కూడా రాశాం. ఖాళీ చేసిన ఇంట్లో ఎవర్ని పెట్టుకోవాలో మా ఇష్టం అన్నారు."

"ఏడో గీత ఖాళీగా ఉంటే మనిషిని పంపలేదేం?"

"మీరు సందడితో ఉండిపోయారనుకున్నాను. మీ ఇష్టం అనుకున్నాను."

"పంతొమ్మిదేళ్ళు నా అంకె ఒక్కటి నమ్మలేదు మీరు. ఇదొక్కటి మాత్రం అడక్కుండానే నమ్మేశారు."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. తిరుపతమ్మ నా మోచెయ్యి నొక్కింది, ఇక చాలు అన్నట్టు.

నా అంకెలు చెప్పాను. ఎన్ని రోజులు దిగకుండా చెప్పానో అదీ చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఏడో గీత మీద రెండు అంకెలు రాసి పెద్ద కాగితం ముందుకి లాగింది. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను వారం రోజులుగా కదలకుండా తిరుగుతోందట. గాలి ఇక్కడికి రాదు. అది తోసిన నీళ్ళు మాత్రం వస్తాయి. అమావాస్య పొద్దున తొమ్మిదికి ఎనిమిదిన్నర అడుగులు.

మా గట్టు పదడుగులు. గేట్లు దించి ఉంటే ఆగుతుంది. ఎత్తి ఉంటే నీళ్ళు తూములోంచి నేరుగా ఊళ్ళోకి వస్తాయి. తిరుపతమ్మ ఇంటి కప్పు ఏడడుగులు.

"రేపు మధ్యాహ్నం పాటుకే దించాలి" అంది మేడం. "తర్వాత నీటి బరువుకి గేటు చక్రం తిరగదు."

బహుళ చతుర్దశి

పాటు నీరు నాలుగడుగుల ఐదు అంగుళాలు. రెండుసార్లు చూశాను.

గేట్ల మోటార్లు సందడి మాటే వింటాయి. దించమన్నాను. "ఇప్పుడు అవసరం లేదు నాంచారయ్య గారూ" అంది గొంతు. మూలనున్న చేతి చక్రాలు తొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. ఒక్కో గేటుకి నలుగురు కావాలి.

ఐసు షెడ్డు దగ్గర ఊరంతా ఉంది, పీత పిల్లల వలలు సర్దుకుంటూ. స్తంభం మీది సందడి చెబుతోంది. 'ఏడో తూము లస్కరు నాంచారయ్య గారి కొలతల ప్రకారం రేపటి పోటు మామూలే. పీత పిల్లల పంట బాగుంటుంది.'

గేట్లు దించాలి, ఎనిమిదిమంది రండి అన్నాను.

పోతురాజు నవ్వాడు. "అదేంటి మావా, నీ కొలతే గదా చెప్తోంది."

"ఆ కొలత తప్పు."

"తీరంలోకెల్లా కచ్చితమైన లస్కరువి. ఆ ముక్కకే గదా నీకు పండుగప్పలు పెట్టాను. రేపు గేట్లు దించితే ఏడాది తిండి పోద్ది, తెలుసా?"

"తెలుసు."

"ముసలాడికి మోకాలు నొప్పి నెత్తికెక్కింది" అన్నారు వెనక ఎవరో. నవ్వారు.

నేను ఐసు పెట్టె మీద కూర్చున్నాను. నిలబడి చెప్పడం నా వల్ల కాలేదు.

"నేను మెట్లు దిగలేదు. ఐదో నాటి నుంచి పదో నాటి దాకా ఒక్కరోజు కూడా దిగలేదు. పైన నిలబడి నోటికొచ్చింది చెప్పాను. పెట్టె నన్ను పొగిడింది, నేను పొంగిపోయాను. ఇప్పుడు మీరు వింటున్నది నా అబద్ధం. మీ పిల్లల్ని దాని మీద పడుకోబెడుతున్నారు."

ఎవరూ నవ్వలేదు. పోతురాజు చేతిలో వల కింద పెట్టాడు.

"నీ నోటితో నువ్వు చెప్పుకునే మాటేనా ఇది?"

"అందుకే నమ్ము" అన్నాను. "నా సంగతి నీకు తెలుసు. ఇట్టాంటిది ఊరికే ఒప్పుకునేవాణ్ణి కాదు."

అతను జనం వైపు తిరిగాడు. "మోకా ఇంటిపేరోళ్ళు నలుగురు రండిరా" అన్నాడు. ఇంకో నలుగుర్ని తిరుపతమ్మ లాక్కొచ్చింది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. మిగతావాళ్ళు అక్కడే ఉండిపోయారు. స్తంభం చెబుతూనే ఉంది.

మొదటి గేటు మూడు గంటలకి నేల తాకింది. రెండోది జానెడు ఎత్తులో ఆగిపోయింది. గాడిలో ఆల్చిప్పలు గట్టిపడి ఉన్నాయి. గునపం పెట్టినా రాలేదు. నీళ్ళు అప్పుడే లోపలికి దూకుతున్నాయి.

తిరుపతమ్మ షెడ్డుకి పోయి పీతల బుట్టలు తెచ్చింది. ఒక్కోటి మూత తీసి పీతల్ని గట్టుమీదే వదిలేసింది. బుట్టల్లో బంకమట్టి తొక్కి, వలలతో చుట్టి, సందులోకి దింపాం. తన బుట్టలు అయిపోయాక పోతురాజు తనవి తెప్పించాడు. నలభై ఒకటి పట్టాయి.

"అన్నీ పోయినట్టేనా అమ్మాయ్?" అన్నాను.

"అడక్కు మావయ్యా" అంది.

అమావాస్య

పొద్దున తొమ్మిదింబావుకి పోటు ఎనిమిదడుగుల ఏడు అంగుళాలు.

గట్టు నిలబడింది. నీళ్ళు గేటు రేకుని తోస్తుంటే ఏనుగు మూలిగినట్టు చప్పుడు. బుట్టల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూ వచ్చాయి, పల్లంలో ఉన్న ఇళ్ళలో మోకాలి లోతు. తిరుపతమ్మ షెడ్డు కూలింది. మనుషులందరూ ఉన్నారు. పోతురాజు, నేను ఇంటింటికీ తిరిగి లెక్క చూశాం. రెండుసార్లు చూశాం.

పది గంటలకి పెట్టెలన్నీ పలికాయి. 'ముందే చెప్పినట్టు ఏడో తూములో పోటు ప్రశాంతంగా ముగిసింది. కచ్చితమైన కొలతలు ఇచ్చిన నాంచారయ్య గారికి అభినందనలు.'

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కొందరు తలాడించారు.

శుద్ధ విదియ

పాటు నీరు నాలుగడుగుల రెండు అంగుళాలు. నీళ్ళు ఇంకా దిగలేదు.

నడిసముద్రంలో తుఫాను ఇంకా కదలలేదట. పున్నమికి ఇంకో పోటు ఉంది. గేట్లు దించే ఉంచాలి, రెండో గేటు గాడి బాగుచెయ్యాలి, దానికి ఊరంతా కావాలి.

పదకొండు ఇళ్ళవాళ్ళు పెట్టెలు గోడ నుంచి పీకేశారు. నూట నలభై తొమ్మిది ఇళ్ళలో పలుకుతూనే ఉంది. గేట్లు దించడం వల్ల పీత పిల్లలు పోయాయనీ, నీళ్ళు అసలు అంత రానేలేదనీ చెబుతోంది. అంతా వింటూనే ఉన్నారు.

నడిలంక నుంచి తెచ్చుకున్న రేడియోలో నిన్న మేడంతో గట్టిగా అన్నాను. "ఆ లంకలో కూర్చుని మాకు బుద్ధి చెప్పొద్దు, ఇక్కడికి రండి" అని. ఈ ఉదయం వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగింది. ఇద్దరం గుమ్మం గుమ్మం తిరిగి, నోటితో చెప్పడం మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి ముప్పై ఆరు ఇళ్ళయ్యాయి.

ముప్పై ఏడోది కోటమ్మ ఇల్లు. నాకంటే పెద్దది, ఒంటరి మనిషి. ఆమె గోడమీద నీటి చార ఇంకా ఆరలేదు. మేడం తన పేరు చెప్పి, పున్నమి లెక్కంతా విడమరిచి చెప్పింది. కోటమ్మ ఓపిగ్గా విన్నది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నువ్వెవరివో తెలీదు తల్లీ. మా పెట్టెలో మేడం రోజూ మాట్లాడుద్ది నాతో. ఇట్టా గద్దించదు. పొద్దున లేవగానే కాఫీ తాగావా కోటమ్మా అని అడుగుద్ది."

లోపల పెట్టెలోంచి ఫర్జానా మేడం గొంతు కోటమ్మని పిలిచింది, ఎవరొచ్చారని. మేడం ఆ గొంతు వినడం అదే మొదటిసారి. గుమ్మం పట్టుకుని అట్టాగే నిలబడిపోయింది.

"పదండి, వేరే ఇంటికి పోదాం" అంది.

"ఎక్కడికి పోతారు?" అన్నాను. "ప్రతి ఇంట్లోనూ ఇదే ఉంది. మీరు ఒకసారి లేచిపోయారు, చాలు."

కోటమ్మ గుమ్మం నేలకి జానెడు ఎత్తు. కర్ర పక్కన పెట్టి దాని మీద కూర్చున్నాను. మేడం కూడా కూర్చుంది. లోపల ఆవిడ గొంతు కోటమ్మకి ఏదో చెప్పి నవ్విస్తోంది.

"కాఫీ తాగావా కోటమ్మా?" అని అడిగింది మేడం, గుమ్మంలోంచి.

లోపలి నుంచి జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది.